చెవుల పీరు మీద చెయ్యి

నా కుడి చెయ్యి ఇన్నేళ్లుగా నాకు బరువు. దానికి జబ్బేమీ లేదు. అన్నం కలుపుతుంది, పెన్ను పట్టుకుంటుంది, ఎవరైనా ఎదురైతే నమస్కారం పెడుతుంది. చూసేవాళ్లకు మామూలు చెయ్యి. కానీ ఆ చేత్తో నేను ఒకసారి చేసిన పని ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె పోయింది. చెప్పవలసిన అసలు మనిషి అంతకుముందే పోయాడు. మిగిలింది మీరు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. ఆలూరుకూ పత్తికొండకూ నడుమ ఉంది, అది చాలు. మా ఊరివాళ్లు చదివితే వాళ్లకు పేర్లు అక్కర్లేదు.

మాది ఒకప్పటి పాలెగాళ్ల ఇల్లు. ఈ మాట చెప్పేటప్పుడు నా నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. సిగ్గుపడుతూ రాస్తున్న ఈ కాగితం ముందు కూడా అయింది. చుట్టుపక్కల పల్లెలకు మా పెద్దల మాటే శాసనమట. నాకు తెలివి వచ్చేనాటికి శాసనాలు లేవు. పైకప్పు సగం కూలిన మేడ, వానను నమ్ముకున్న ఎర్రచేను, గోడకు మేకు మీద వేలాడే ఒక ఒర మిగిలాయి. ఒర ఉంది, అందులో కత్తి లేదు. తెల్లదొరల మీదికి మా వంశపు పెద్దాయన ఎత్తిన కత్తి అది. ఒక కరువు సంవత్సరంలో మా నాయన దాన్ని ఆదోని వర్తకుడికి జొన్నల కోసం ఇచ్చేశాడు. ఆ సంగతి అమ్మ పోయేముందు నాకు చెప్పింది. బయటివాళ్లకు మాత్రం కత్తి పెట్టెలో భద్రంగా ఉందనే చెప్పేవాళ్లం.

ఊరు నమ్మలేదు. ‘ఒర ఉండే దొర’ అని నాకు పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు. రచ్చకట్ట దాటిపోయాక వెనక నుంచి వినిపించేది. "ఏమప్పా, దొర పోతాండాడు, లేసి నిలబడు. కత్తి దూస్తాడేమో." ఆ వెంటనే నవ్వులు. నేను వెనక్కి తిరిగేవాణ్ణి కాదు. నడక మార్చేవాణ్ణి కాదు. ఇంటికి వచ్చి ఒరను చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు చెవుల పీరు గురించి చెప్పాలి. మా ఊళ్లో ముస్లింల ఇళ్లు తక్కువే, కానీ పీర్ల పండుగ ఊరందరిదీ. చావిడిలోని ఇత్తడి పీర్లు, వెండి పీర్లు పండుగకు పెట్టెలోంచి బయటికి వచ్చి, పండుగ కాగానే పెట్టెలోకి పోయేవి. చెవుల పీరు మాత్రం ఏడాదంతా నిలబడే ఉండేది. అది నిజానికి ఒక కత్తి. మూరన్నర పొడవు. మొన కిందికి, పిడి పైకి. మొనను మట్టి దిమ్మలో గుచ్చి, నడుముకు రంగురంగుల గుడ్డ దట్టీలు చుట్టేవారు. ఎముకతో చేసిన పిడి చివర రెండుగా చీలి, చెవుల్లా ఇటూ అటూ విచ్చుకుని ఉండేది. చూసినవాడికి కత్తి పిడి అనిపించదు. తల కొంచెం వంచి వింటున్న పెద్దమనిషి అనిపిస్తుంది. అందుకే జనం వచ్చి దాని చెవిలో చెప్పుకునేవారు. కోడలి కానుపు, ఎద్దుకు రోగం, బోరులో నీళ్లు. చిన్నప్పుడు నాకు జ్వరం వచ్చి కళ్లు తేలేస్తే, గడప దాటని మా అమ్మ చావిడి దాకా పరుగెత్తి ఆ చెవిలోనే మొక్కుకుందట.

ఇంకొక ఆచారం ఉండేది. పంచాయితీలో మాట తెగకపోతే ఆ చెవుల మీద చెయ్యి పెట్టి చెప్పమనేవారు. గట్టు తగాదా అయినా అంతే, బర్రె దొంగతనం అయినా అంతే. చెయ్యి పెట్టినవాడి మాటే చివరి మాట. అబద్ధమాడేవాడు చెయ్యి పెట్టడు, పెట్టాడంటే అది నిజం. ఈ న్యాయాన్ని మా ఊళ్లో ఎవరూ శంకించలేదు. నేనూ శంకించలేదు.

దాన్ని చూసుకునే ముజావర్ హుసేనప్ప. దూదేకుల మనిషి, పరుపులు కుట్టి బతికేవాడు. ప్రతి గురువారం దిమ్మ మీద నీళ్లు చిలకరించి, చెవులకు గంధం పూసి, ఊదు వేసేవాడు. తన పూర్వీకుడొకాయన హజ్‌కు పోయి, ఓడలో తిరిగి వస్తూ ఆ కత్తిని తెచ్చాడని చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు. పరుపులు కుట్టేవాళ్ల ఇంటికి మక్కా నుంచి కత్తి ఎట్లా వస్తుంది అనుకునేవాణ్ణి. నా ఇంట్లోనే లేనిది వాళ్లింట్లో ఉంటుందా? చూడండి, అప్పటికే ఆ కత్తి మీద నా కన్ను ఉంది. అది నాకు తెలియలేదు.

ఒక ఏడు ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఒక మనిషి చచ్చాడు. పోలీసులు వచ్చి పదునున్న ఇనుమంతా ఎత్తుకుపోయారు. వేటకొడవళ్లు, గొడ్డళ్లు, చివరికి చావిడిలోని చెవుల పీరు. అది కత్తే కదా అన్నారు. వాళ్లది తప్పని నేననను. హుసేనప్ప జీపు వెంట ఊరి పొలిమేర దాకా పరుగెత్తాడు. కేసు ఏళ్ల తరబడి నడిచి కొట్టుడుపోయింది. పట్టిన ఆయుధాల్లో పాతకాలపువాటిని మ్యూజియానికి పంపారు. అక్కడి అధికారి మంచివాడు. ఊరి దేవుడు వాటిలో ఉంటే తిరిగి ఇప్పిస్తాననీ, గుర్తుపట్టడానికి ముజావర్‌నూ, ఊరి తరఫున ఒక పెద్దమనిషినీ రమ్మనీ కబురు పంపాడు. ఆ పెద్దమనిషిగా ఊరు నన్నే పంపింది. ఆయుధాలు తెలిసిన ఇల్లు కదా.

మ్యూజియం వెనక గదిలో పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కత్తులను వరసగా పెట్టారు. హుసేనప్ప వాటిలో వెతకలేదు. గుమ్మంలోనే చెప్పులు విడిచి నేరుగా దాని దగ్గరికి పోయాడు. దట్టీలు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టి ఉన్న పీరును చూసి, భుజం మీది తువ్వాలు తీసి కప్పబోయాడు. అధికారి వద్దని ఆపాడు.

నేనూ చూశాను. చూసిన క్షణంలోనే గుర్తుపట్టాను. ఇక్కడ మీకు ఏ సందేహమూ ఉండకూడదు. వెలుతురు తక్కువై పొరబడలేదు. ఏళ్లు గడిచి మరచిపోలేదు. మా అమ్మ నోరు ఆనించి మొక్కుకున్న చెవులు అవి.

అధికారి దాన్ని రెండు చేతులతో లేపి నాకు చూపించాడు. "ఏం పనితనం సార్. ఇలాంటిది మామూలు ఇళ్లలో ఉండదు. ఏ పాలెగాళ్లదో అయ్యుండాలి. కొంపదీసి మీ ఇంటిది కాదు గదా?" నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వులో మర్యాద ఉంది. చదువుకున్న మనిషి ఒకడు నా ఇంటి గురించి మర్యాదగా అడిగి ఎన్నేళ్లయిందో.

"మా ఇంటిదే," అన్నాను.

ముందుగా అనుకుని అన్న మాట కాదు. కాదా? గోడ మీది ఒరను చూస్తూ గడిపిన పగళ్లన్నీ ఈ మాటకు సాధనే కాదా? నాకు తెలియదు. నోరు దాటాక మాత్రం అది నా మాట అయింది. మా ఇంట్లో మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు. దాన్ని నేను పౌరుషం అనుకునేవాణ్ణి.

హుసేనప్ప నా వైపు తిరిగాడు. పరాచికం ఆడుతున్నాననుకున్నాడు. "ఏంది దొరా, ఇది మన చెవుల సామి గదా."

"కాదు హుసేనప్పా. అట్లాంటిదే. ఇది మా తాతలది. ఆ గొడవల్లో మా ఇంట్లోంచి కూడా పట్టుకపోయినారు."

"చెవులు సూడు దొరా. ఎడమ చెవికి పెచ్చు లేసింది సూడు. మా నాయన కాలంలో లేసింది అది."

"పాత కత్తులకు పెచ్చులు లేయవా?"

ఆయన మళ్లీ కత్తిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. లెక్క కుదరనివాడి ముఖం అది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "సరే దొరా. నువ్వు దొరవు, నేను పరుపులు కుట్టేటోణ్ణి. మనిద్దరి మాటా వద్దు. చెవుల మీద చెయ్యి పెట్టి సెప్పు. కాదని సెప్పు. నేను మల్లా నోరెత్తను."

ఆ మాట అన్నాక ఆయన ముఖం తేటపడింది. తగువు తెగిపోయిందని, పీరు ఇంటికి వచ్చేసిందని ఆయన అనుకున్నాడు. నేను చెయ్యి పెట్టనని ఆయనకు అంత నమ్మకం.

నేను చెయ్యి పెట్టాను. ఎముక చల్లగా ఉంది. రెండు చెవుల నడుమ నా అరచెయ్యి సరిగ్గా సరిపోయింది. "ఇది చెవుల పీరు కాదు. మా ఇంటి కత్తి," అన్నాను.

హుసేనప్ప నా చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఏదో జరుగుతుందని ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో సైకిల్‌కు స్టాండు వేస్తున్నారు.

"అట్లయితే ఇది కాదులేప్పా," అన్నాడు ఆయన అధికారితో. "నా కండ్లకు పొర వచ్చినట్టుండాది. సామి అయింటే దొర చెయ్యి పెట్టడు."

ఈ మాటను నేను ఎంతకాలం మోశానో మీకు ఎలా చెప్పను? ఆయన నన్ను అబద్ధాలకోరు అనుంటే తట్టుకునేవాణ్ణి. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. నన్ను నమ్మాడు. తన కళ్లను కాదని నా చేతిని నమ్మాడు. ఇనుము ఎక్కడికీ పోలేదు, మ్యూజియంలోనే ఉంది. నేను దోచుకున్నది ఆయన కళ్లను.

ఊరికి వచ్చి చావిడి ముందు ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్కడున్నది మన సామి కాదు, దొర చెయ్యి పెట్టి చెప్పినాడు అని. ఊరు విన్నది. తర్వాత రావలసిన ప్రశ్నే వచ్చింది. అది కాకపోతే మనది యాడ? పోలీసులు పట్టినవన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయంటివి గదా. అయితే జీపు ఎక్కింది అసలు పీరేనా? అంతకుముందే మారిపోయిందా? చావిడి తాళం ఎవరి దగ్గర ఉండేది?

తాళం హుసేనప్ప దగ్గరే ఉండేది. నా అబద్ధాన్ని నిజమని నమ్మి, తానే మోసుకొచ్చి, ఊరి ముందు పెట్టి, దాని కింద తానే పడ్డాడు. ఎవరూ ఆయనను కొట్టలేదు. పండుగకు పీరెత్తే హక్కు తీసేశారు. పరుపులు ఆయనతో కుట్టించుకోవడం మానేశారు. దేవుణ్ణి అమ్ముకున్నాడనే మాట ఎక్కడ మొదలైందో తెలియదు, నా అరుగు దాకా వచ్చింది. నేను ఖండించలేదు. నిటారుగా కూర్చుని విన్నాను. కొంతకాలానికి ఆయన పెళ్లాం పిల్లలతో పత్తికొండకు వెళ్లిపోయాడు. బండి మా వీధిలోంచే పోయింది. మా ఇంటి ముందుకు రాగానే ఆయన, దొరల గడప ముందు బండి దిగే పాత అలవాటు ప్రకారం, దిగి నడిచాడు.

ఇంకొకటి చెప్పాలి. కత్తిని మ్యూజియంలోనే ఉంచమన్నాను. ఒర ఉంటే తెమ్మని, కత్తితో కలిపి ప్రదర్శనకు పెడతామని అధికారి అడిగాడు. ఇంటికి వచ్చి ఒరను దింపి చూశాను. మామూలు కత్తుల ఒరలాగే అది ఒక పక్కకు వంగి ఉంది. ఆ కత్తి వంపు అందుకు ఎదురు. పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. చెదలు తినేసిందని అధికారికి కబురు పంపాను. ఆ తర్వాత దాన్ని విరిచి నీళ్లపొయ్యిలో పెట్టాను. తోలు కాలిన వాసన రెండు రోజులు ఇంట్లో నుంచి పోలేదు. మా వంశానిదని నిజంగా చెప్పుకోదగిన వస్తువు అదొక్కటే ఉండేది. లేని కత్తి కోసం ఉన్న ఒరను కాల్చుకున్నవాణ్ణి నేను.

మ్యూజియంలో అద్దాల పెట్టె వచ్చింది. పెట్టె కింద మా వంశం పేరుతో పలక వచ్చింది. ఊళ్లో నా వెనక నవ్వులు ఆగిపోయాయి. చుట్టాలు వస్తే తీసుకుపోయి చూపించేవాణ్ణి. పలక చదివి వినిపించేవాణ్ణి. చెవుల వైపు మాత్రం చూసేవాణ్ణి కాదు. ప్రతి పీర్ల పండుగకూ, నిప్పుల గుండం దగ్గర జనం అరుపులు వినిపిస్తుంటే, ఇంట్లో కూర్చుని ఈ చెయ్యి పడిపోతుందేమోనని చూసుకునేవాణ్ణి. పడిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. పడిపోలేదు. అప్పుడు ఇంకొక ఆలోచన వచ్చేది. శిక్ష లేదంటే ఆ చెవుల్లో ఏమీ లేదనా? అందులో ఏమీ లేకపోతే నేను చేసింది చిన్న తప్పేనా? ఇట్లా తప్పించుకోవాలని చూసిన ప్రతిసారీ, బండి దిగి నడుస్తున్న హుసేనప్ప దగ్గర ఆగిపోయేవాణ్ణి.

ఈ మధ్య మ్యూజియం నుంచి ఫోను వచ్చింది. పాత తురుష్క ఆయుధాల మీద చదువుకున్న ఒక అమ్మాయి వచ్చిందనీ, మా కత్తి గురించి మాట్లాడాలంటోందనీ చెప్పారు. ఇస్త్రీ పంచె కట్టుకుని పోయాను. అమ్మాయి పేరు నసీమా. కడప పిల్ల. చేతులకు తొడుగులు వేసుకుని, కత్తిని మెత్తటి గుడ్డ మీద పెట్టి, వయసులో పెద్దవాణ్ణని నాకు కుర్చీ వేయించి చెప్పింది. పిడికీ అలుగుకూ, అంటే కత్తి రేకుకూ, నడుమ చేతికి అడ్డు లేదు. పదును వంపుకు లోపలి వైపున ఉంది. పిడికి చెవులున్నాయి. ఇవి మూడూ ఒకచోట కనిపిస్తే అది ఒట్టోమన్ సుల్తానుల రాజ్యంలో చేసిన కత్తి, దాన్ని యతగాన్ అంటారు. అలుగు మీద వెండితో పొదిగిన అక్షరాలు చదివింది. చేసినవాడి పేరు ఉంది, హిజ్రీ సంవత్సరం ఉంది. మా పెద్దాయన తెల్లదొరల చేతిలో పోయిన చాలా ఏళ్లకు తయారైన కత్తి. ఆ రోజుల్లో మక్కా ఉన్న నేల కూడా ఆ సుల్తానుల కిందే ఉండేదనీ, హజ్‌కు పోయినవాళ్లెవరైనా అక్కడి నుంచి తెచ్చి ఉండవచ్చనీ చెప్పింది.

హుసేనప్ప చెప్పిన కథ అదే. ఒక్క అక్షరం తేడా లేదు.

"మీ ఇంట్లో తర్వాతోళ్లు ఎవరైనా కొనింటారేమో సార్," అంది ఆమె, నన్ను నొప్పించకూడదని. "ఒకటే నాకు అర్థం కాలేదు. మొన కాడ జానెడు మేర తుప్పు తినేసింది, పైనంతా బాగుండాది. తడిమట్టిలో గుచ్చిపెట్టినట్టు. కత్తిని అట్ల ఎవరు పెడతారు? చెవుల సందులో గంధం కూడా ఉండాది."

"ఆయుధపూజ చేసేవాళ్లం," అన్నాను.

అవును, మళ్లీ. ఇంత వయసులో, ఆ పిల్ల ముందు, ఎవరూ బలవంతం చేయకుండానే. ఆమె తల ఊపింది. కత్తిని పెట్టెలో పెట్టి తాళం వేయించింది. నేను బయటికి వచ్చి బస్టాండులో కూర్చున్నాను. మా ఊరి బస్సు వచ్చింది, పోయింది. లేవలేకపోయాను. మొదటి అబద్ధానికి ఒర అనీ, నవ్వులు అనీ ఏదో కారణం చెప్పుకుంటూ వచ్చాను. ఈ అబద్ధానికి కారణం ఏది? ఊళ్లో నవ్వేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. అప్పుడు తెలిసింది, ఆ రోజు కూడా వేరే కారణం లేదని. నేనే కారణం. పత్తికొండ బస్సు వస్తే ఎక్కాను.

హుసేనప్ప కొడుకు మస్తాన్‌కు టమోటా మార్కెట్ పక్క సందులో పరుపుల కొట్టు ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి దూది మిషను ఆపాడు. గడ్డం నిండా దూది పింజలు. నిలబడే అంతా చెప్పాను. కూర్చోమని ఆయన అనలేదు, నేను కూర్చోలేదు.

విన్నాక ఆయన చాలాసేపు చేతులు దులుపుకుంటూనే ఉన్నాడు. "మా నాయన పోయేదాకా కండ్ల డాకటర్ల సుట్టూ తిరిగినాడు దొరా. కండ్లు బాగుండాయి అని వాళ్లు. లేదు, నాకు పొర ఉండాది అని ఈయన. అద్దాలు ఇచ్చినా పెట్టుకోలేదు." మిషను వైపు తిరిగాడు. "నాకు సెప్తే ఏమొస్తాది? చెయ్యి యాడ పెట్టినావో ఆడ సెప్పు."

మరుసటి రోజు ఇద్దరం మ్యూజియానికి పోయాం. ఇప్పటి అధికారిని, నసీమాను పెట్టె దగ్గరికి రమ్మన్నాను. గది గుమ్మంలో మస్తాన్ చెప్పులు విడిచాడు. తండ్రి విడిచినట్టే. నేను కూడా విడిచాను. చెవుల మీద చెయ్యి పెట్టడానికి నడుమ అద్దం ఉంది. అద్దం మీదే పెట్టాను.

"అద్దం ముట్టుకోవద్దు సార్, మరకలు పడతాయి," అన్నాడు అటెండరు. అధికారి అతన్ని ఆపాడు.

చెప్పాను. దిమ్మ గురించి, గంధం గురించి, హజ్ గురించి, హుసేనప్ప గురించి, కాల్చిన ఒర గురించి. నడుము వంగింది. నిటారుగా నిలబడి చెప్పగలిగే మాటలు కావవి. పలక మారుస్తామని అధికారి అన్నాడు. పీరును ఊరికి తిరిగి ఇవ్వడం తన చేతిలో లేదట, పైకి రాస్తాడట. నసీమా మొన దగ్గరి తుప్పునే చూస్తూ ఉంది.

మస్తాన్ పెట్టె దగ్గరికి వచ్చి, వంగి, అద్దానికి నోరు ఆనించి, ఎడమ చెవి దగ్గర ఏదో చెప్పుకున్నాడు. నాకు వినపడలేదు. తిరుగు బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. పత్తికొండలో వెనక్కి చూడకుండా దిగిపోయాడు. నేను క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందనుకోను. ఇస్తే తీసుకునే ధైర్యం కూడా లేదు.

మా ఊరి చావిడిలో ఆ దిమ్మ ఇంకా ఖాళీగానే ఉంది. దాని పక్కన నిలబడి ఈ మాట చెప్పడానికి పోవాలి. నా నోటిని నేను ఎరుగుదును, రెండుసార్లు చూశాను. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. రాసిన మాటను మింగలేను. చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. కానీ రాస్తున్నంతసేపూ ఆగలేదు.

ఆ రోజు మ్యూజియంలో నన్ను ఒక ప్రశ్న అడిగారు. జవాబు ఇది. అది చెవుల పీరే. హుసేనప్ప కళ్లకు ఏ పొరా లేదు. ఆయన సరిగ్గానే చూశాడు.